ఖాళీ జేబుల్లో చేతులు: ‘కౌబాయ్ బీబాప్’ స్టైల్ వెనక సంగతి

మిత్రులందరికీ నమస్కారం.

యానిమే, అంటే జపాన్ యానిమేషన్ మీద ఒక గంట మాట్లాడమని క్లబ్ వాళ్లు అడిగినప్పుడు ఏ సిరీస్ ఎంచుకోవాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. ‘కౌబాయ్ బీబాప్’ అన్నాను. 1998లో జపాన్‌లో వచ్చిన 26 ఎపిసోడ్ల సిరీస్. సన్‌రైజ్ స్టూడియో తీసింది, షినిచిరో వతనబే దర్శకులు, కథా రచనలో ప్రధానమైన చేయి కెయికో నొబుమోతోది, సంగీతం యోకో కన్నోది. మీలో సగం మంది చూసే ఉంటారు. మిగతా సగం మంది ఆ ఓపెనింగ్ మ్యూజిక్ ఏదో ఒక రీల్‌లో వినే ఉంటారు. అందరూ దీన్ని ‘స్టైలిష్’ అంటారు. ఆ మాట నిజమే. కానీ ఆ స్టైల్ దేనికోసం అన్నదే నాకు ఆసక్తి.

ఒక చిన్న విషయంతో మొదలుపెడతాను. ఈ సిరీస్ హీరో దగ్గర డబ్బుండదు. మొదటి ఎపిసోడ్‌లో అతను అడుగుపెట్టగానే భోజనం దగ్గర పేచీ. వంట చేసినవాడు అది క్యాప్సికమ్, బీఫ్ వేపుడు అంటాడు. ఇందులో బీఫ్ ఎక్కడుందని ఇతను అడుగుతాడు. డబ్బు లేనప్పుడు అదే బీఫ్ అని అవతలివాడి జవాబు. అంతరిక్ష నౌకలో, 2071వ సంవత్సరంలో, ఇద్దరు మగాళ్లు ఉత్త క్యాప్సికమ్ ముందు కూర్చుని వాదించుకుంటున్నారు. సైన్స్ ఫిక్షన్ ఇలా మొదలవడం నాకు అంతకుముందు తెలియదు.

కథ నేపథ్యం క్లుప్తంగా. గ్రహాల మధ్య ప్రయాణానికి గేట్లు కట్టారు. అందులో ఒకటి భూమి దగ్గర పేలి, చంద్రుడిలో ఒక చెక్క ఎగిరిపోయింది. ఆ రాళ్లు అర్ధ శతాబ్దం తర్వాత కూడా భూమి మీద పడుతూనే ఉన్నాయి. జనం చాలావరకు అంగారకుడికి, శుక్రుడికి, గురుడి ఉపగ్రహాలకు వలసపోయారు. వాళ్లతోపాటు పేకాట క్లబ్బులు, మాఫియా, మురికివాడలు, లారీ డ్రైవర్లు, అప్పులవాళ్లు కూడా వెళ్లారు. పోలీసులు చాలక నేరస్తుల తలలకు వెల కట్టారు. పట్టుకొచ్చి అప్పగించినవాళ్లకు డబ్బు. అలా పట్టుకొచ్చి బతికేవాళ్లనే కౌబాయ్‌లంటారు. బీబాప్ అనేది వాళ్ల నౌక పేరు, ఒకప్పటి చేపల పడవ.

అందులో నలుగురు, ఒక కుక్క. స్పైక్ ఒకప్పుడు మాఫియా ముఠా మనిషి. జెట్ ఒకప్పటి పోలీసు, ఒక చెయ్యి పోయి లోహపు చెయ్యి పెట్టుకున్నాడు. ఫే 54 ఏళ్లు శీతల నిద్రలో ఉండి లేచేసరికి ఆసుపత్రి బిల్లు కొండంత పెరిగి ఉంది, తన గతం మాత్రం గుర్తు లేదు. ఎడ్ అనే పిల్ల కంప్యూటర్లను ఆటబొమ్మల్లా ఆడిస్తుంది. ఐన్ అనే కార్గీ కుక్క ఓ ప్రయోగశాల నుంచి వచ్చింది, ఈ నౌకలో దానికే ఎక్కువ బుర్ర ఉందేమోనని నా అనుమానం. దొంగని వీళ్లు దాదాపు ప్రతిసారీ పట్టుకుంటారు. డబ్బు మాత్రం దాదాపు ఎప్పుడూ చేతికి రాదు. దొంగ చచ్చిపోతాడు, లేదా జరిగిన నష్టానికి ఆ సొమ్ము సరిపోతుంది, లేదా వీళ్లే జాలిపడి వదిలేస్తారు.

ఇప్పుడు స్పైక్ నడక చూడండి. నీలం సూటు, వదులు టై, కాస్త వంగిన వీపు, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో. పాత్రల రూపం గీసింది తోషిహిరో కవమోతో. స్పైక్‌కి 1970ల చివర జపాన్ టీవీలో డిటెక్టివ్‌గా వేసిన నటుడు యుసాకు మత్సుదా పోలికలు తెచ్చారు. కొట్లాటలో బ్రూస్ లీ కదలికలు కనిపిస్తాయి, స్పైక్ చేసేది బ్రూస్ లీ రూపొందించిన జీత్ కునే డో. అంతా అరువు తెచ్చుకున్నదే. అయినా ఎక్కడా అతుకు కనిపించదు. ఎందుకంటే ఆ దర్జా కింద ఆకలి ఉంది. జేబులు ఖాళీ కాబట్టే అందులో చేతులు పెట్టుకోవడానికి చోటుంది. ఈ మనుషులకు స్టైల్ అనేది తమ లేమిని, తమ దెబ్బల్ని ఎదుటివాడికి కనపడనివ్వకుండా కప్పుకునే పద్ధతి. నోటితో వాళ్లు ఎన్నడూ చెప్పని ఆ సంగతిని సంగీతం చెబుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

సంగీతం దగ్గరికి వద్దాం.

ఓపెనింగ్ పాట పేరు ‘ట్యాంక్!’. బాస్ వాద్యం, బాంగోలు, ఆ తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడే ట్రంపెట్లు, సాక్సోఫోన్లు. తెలుగు పాత సినిమాల్లో క్లబ్ డాన్సు పాటలు విన్న పెద్దవాళ్లకి బాంగోలూ ట్రంపెట్లూ కలిసిన ఈ మోత మరీ పరాయిగా అనిపించదు. పాట నడుస్తుండగా తెర మీద సిగరెట్ పొగ, తుపాకులు, నీడబొమ్మలు పరిగెడుతుంటాయి. వాటి వెనకాల చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్ వాక్యాలు సర్రున వెళ్లిపోతాయి. పాజ్ కొట్టి చదివినవాళ్లు తక్కువ. 1941లో న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో కుర్ర వాద్యకారులు రాత్రుళ్లు పోటాపోటీగా వాయించేవారని, అప్పటికి పాతబడిన కట్టుబాట్ల జాజ్ మీద విసుగెత్తి కొత్త పద్ధతిని పుట్టించారని ఉంటుంది అందులో. తర్వాత 2071కి దూకి, ఈ నౌకలోని వాళ్లు కూడా అలాగే వాయిస్తారని, ఈ సిరీస్ తానే ఒక కొత్త కోవ అవుతుందని ప్రకటిస్తారు. పొగరు చూడండి! మింటన్స్ మాత్రం కట్టుకథ కాదు. థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్, డిజ్జీ గిలెస్పీ, చార్లీ పార్కర్ లాంటివాళ్లు వాయించిన చోటు. వాళ్లు మొదలుపెట్టిన జాజ్ పద్ధతి పేరే ఈ నౌకకు పెట్టారు. ఎపిసోడ్లను కూడా ఇక్కడ సెషన్లు అంటారు.

యోకో కన్నో స్కూల్ రోజుల్లో బ్రాస్ బ్యాండ్‌లో వాయించారు. అక్కడి పాటలు చప్పగా ఉండేవని, ఒళ్లు ఊగిపోయేలా బ్రాస్ వాయించాలన్న కోరిక అప్పటి నుంచీ ఉండేదని చెప్పారామె. ఈ సిరీస్ కోసం సీట్‌బెల్ట్స్ అనే బ్యాండ్ కట్టారు. జాజ్‌తో ఆగలేదు. బ్లూస్, రాక్, కంట్రీ, ఒపేరా పాడే గొంతులు, మౌత్ ఆర్గాన్ ఒక్కటే పలికే ముక్కలు, అన్నీ ఉన్నాయి.

మామూలుగా ఏం జరుగుతుంది? బొమ్మ పూర్తవుతుంది, దర్శకుడు ఇక్కడ ఇంత నిడివి కావాలంటాడు, సంగీత దర్శకుడు కొలిచి ఇస్తాడు. ఇక్కడ చాలాసార్లు తిరగబడింది. కన్నో అడిగినవే కాక అడగనివి కూడా చేసి పంపేవారని, అవి విన్నాక తనకు కొత్త సన్నివేశాలు తట్టేవని వతనబే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ సన్నివేశాలు చూసి ఆమె మళ్లీ ఇంకేదో చేసేవారు. అందుకే కొన్నిచోట్ల పాట సీన్ వెనక నడవదు. సీనే పాట కోసం ఆగి, దారి ఇస్తుంది.

ఇక్కడ మన సినిమా మాట ఒకటి. తెలుగులో బీజీఎమ్ హీరో కంటే రెండడుగులు ముందు నడుస్తుంది. అతనెంత పెద్దవాడో అతను రాకముందే చెబుతుంది. దాన్ని తక్కువ చేయను, థియేటర్‌లో ఈలలు వేసినవాణ్నే. బీబాప్‌లో ‘ట్యాంక్!’ ఆ పని చేస్తుంది. మిగతా సంగీతం చాలావరకు దానికి ఎదురు పని చేస్తుంది. మనిషి ఓడిపోయినప్పుడు, పడిపోయినప్పుడు, ఏం చెప్పాలో తోచనప్పుడు వస్తుంది.

ఐదో సెషన్ తీసుకోండి. స్పైక్ తన పాత శత్రువు విషస్‌ని వెతుక్కుంటూ పాడుబడ్డ చర్చిలోకి వెళ్తాడు. కాల్పులు, కత్తి. చివరికి విషస్ అతన్ని రంగుటద్దాల కిటికీలోంచి బయటికి తోసేస్తాడు. ఏ యాక్షన్ సినిమా అయినా ఇక్కడ డప్పులు మోగిస్తుంది. కన్నో ఇక్కడ వేసింది పసిపిల్లల పాటలా వినిపించే పల్చటి ఆడగొంతుల బృందగానం. స్పైక్ నెమ్మదిగా పడుతుంటాడు, గాజు ముక్కలు పడుతుంటాయి, మధ్యలో అతని గతం తునకలు తునకలుగా వస్తుంది. ఒక్క మాట వివరించరు. ఆ తునకల్లో కనిపించే ఆడమనిషి ఎవరో, ఆ ముఠాను అతనెందుకు వదిలాడో మనకు తెలియదు. కానీ అతను దేన్ని మోస్తున్నాడో ఆ నిమిషంలో తెలిసిపోతుంది. తర్వాత ఒళ్లంతా కట్లతో కళ్లు తెరిస్తే పక్కన ఫే కూనిరాగం తీస్తూ ఉంటుంది. దగ్గరికి రమ్మని సైగ చేస్తాడు. ఏదో గొప్ప మాట చెబుతాడనుకుని వంగుతుంది. శ్రుతి తప్పావంటాడు. దిండుతో ఒక్కటిస్తుంది. బాధ బయటపడబోతుందనగా జోకు వేసి మూసేయడం ఈ సిరీస్ అలవాటు. ఆ మూత కింద ఏముందో అప్పటికే పాట చెప్పేసింది కాబట్టి జోకుకి నవ్వుతూనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

పదో సెషన్ దాటాక రెండు భాగాల ‘జూపిటర్ జాజ్’ వస్తుంది. కలిస్టో అనే మంచు ఉపగ్రహం, అక్కడి బార్‌లో సాక్సోఫోన్ వాయించే గ్రెన్ అనే మాజీ సైనికుడు. అతని కథ చెప్పను. చివర ఎప్పుడూ వచ్చే ముగింపు పాట రాదు. సాక్సోఫోన్ ఒంటరిగా మొదలై, దాని కిందికి మెల్లగా డ్రమ్ములు, ఆపైన కోరస్ చేరుతుంది. పూర్తి ట్రాక్ ఏడు నిమిషాలు. పేరు ‘స్పేస్ లయన్’. హెడ్‌ఫోన్స్‌తో వినండి, ఫోన్ స్పీకర్‌లో వద్దు.

ఇక పద్దెనిమిదోది. నాకు మొత్తం 26లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నౌకకి ఒక పార్సిల్ వస్తుంది. అప్పులవాళ్లేమోనని ఫే పారిపోతుంది. విప్పితే పాత బీటామాక్స్ వీడియో క్యాసెట్. 2071లో దాన్ని ఆడించే మిషన్ ఎక్కడ దొరుకుతుంది? స్పైక్, జెట్ ఇద్దరూ భూమి మీద శిథిలాల అడుగున ఉన్న ఎలక్ట్రానిక్స్ మ్యూజియంలోకి దిగి, మెట్లు ఎక్కి దిగి, నీళ్లలో తడిసి, ఒక బరువైన మిషన్ మోసుకొస్తారు. తీరా చూస్తే అది వీహెచ్ఎస్, బీటామాక్స్ క్యాసెట్ అందులో పట్టదు. ఈ జోకు ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని రాత్రంతా మూడు సినిమాలు చూసిన తరానికి వెంటనే అర్థమవుతుంది. ఆ తర్వాత రెండో పార్సిల్‌లో సరైన మిషన్ వస్తుంది. క్యాసెట్‌లో ఉన్నది చిన్నప్పటి ఫే. పదేళ్ల తర్వాతి తనకి పంపుకున్న కబురు. ఆ పిల్ల చేతులూపుతూ, గంతులేస్తూ, తనకు తనే శభాష్ చెప్పుకుంటుంది. పెద్ద ఫే చూస్తుంది. తనకేమీ గుర్తు లేదంటుంది. ఎవరూ ఏడవరు. ఇరవై నిమిషాల కామెడీ తర్వాత ఆ పిల్ల గొంతు ఒక్కటి చాలు.

ఇంకో ఎపిసోడ్ ‘వైల్డ్ హార్సెస్’ గురించి ఒక్క మాట. అందులో ఒక ముసలి మెకానిక్ పాత స్పేస్ షటిల్‌ని బాగుచేసి ఎగరేస్తాడు. ఆ షటిల్ కొలంబియా. జపాన్‌లో ఇది ప్రసారమైనప్పుడు అది కేవలం పాత యంత్రం మీద ప్రేమ. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. ఆ తర్వాత షటిల్ వాతావరణంలోకి దిగే ఆ సీన్‌ని మనం ఇంకోలా చూడకుండా ఉండలేం.

ఈ సిరీస్ బతికి బట్టకట్టడం కూడా ఒక కథే. మొదట డబ్బు పెట్టినవాళ్లలో బొమ్మల కంపెనీ ఉంది. అంతరిక్ష నౌకలుంటే చాలు, ఏమైనా తీసుకోండని వతనబేకి చెప్పారట, నౌకల బొమ్మలు అమ్ముకోవచ్చని. వచ్చినదాన్ని చూసి ఇది పిల్లలు కొనే సరుకు కాదని వాళ్లు తప్పుకున్నారు. 1998 ఏప్రిల్‌లో టీవీ టోక్యోలో మొదలైనప్పుడు హింస గురించిన పట్టింపుల వల్ల 26లో 12 మాత్రమే వేశారు, అదీ రెండో సెషన్‌తో మొదలుపెట్టి. దానికి వతనబే బృందం పాత దృశ్యాలన్నీ కుట్టి ఒక ప్రత్యేక ఎపిసోడ్ చేసి, ఇది ముగింపు కాదని, అసలు బీబాప్‌ని ఎప్పటికైనా చూస్తారని తెర మీద రాసి వెళ్లిపోయింది. అదే ఏడాది అక్టోబర్ నుంచి వావ్‌వావ్ అనే చందా చానల్ మొత్తం 26 వేసింది. 2001 సెప్టెంబర్‌లో అమెరికాలో పెద్దవాళ్ల కోసం అడల్ట్ స్విమ్ అనే టీవీ కార్యక్రమాల వరస మొదలైన రాత్రే ఇది ప్రసారమైంది. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

2021 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని బొమ్మలతో కాక నిజం నటులతో మళ్లీ తీసింది. జాన్ చో స్పైక్. సంగీతం మళ్లీ కన్నోయే. అదే సూటు, అదే ‘ట్యాంక్!’. మూడు వారాలు తిరక్కుండానే ఇక కొనసాగించడం లేదని చెప్పేశారు. నటుల తప్పని నేననను. అందులో అందరూ తమ బాధ గురించి కూర్చుని మాట్లాడుకుంటారు. గతమంతా విప్పి చెబుతారు. పాత్రలే అన్నీ చెప్పేశాక పాటకి పనేముంది? వెనకాల బాగా మోగుతుంది, అంతే.

కొత్తగా చూడబోయేవాళ్లకి రెండు సూచనలు. రోజుకి ఒకటి, మహా అయితే రెండు చూడండి, ఒకే రాత్రి పది లాగించేయకండి. జపనీస్ మాటల్లో కొయిచి యమదెరా, ఇంగ్లిష్ డబ్బింగ్‌లో స్టీవ్ బ్లమ్, ఇద్దరూ స్పైక్‌కి బాగా కుదిరారు కాబట్టి ఏ భాషలో చూడాలన్న గొడవ పెట్టుకోనక్కర్లేదు. ‘స్కిప్ ఇంట్రో’ బటన్ మాత్రం నొక్కకండి. ఒక సరదా పని కూడా ఉంది. అక్కడక్కడా పేకాడుకుంటూ ముగ్గురు ముసలాళ్లు కనిపిస్తుంటారు, గమనించండి. వాళ్ల పేర్లు ఆంటోనియో, కార్లోస్, జోబిమ్. బ్రెజిల్ బోసా నోవా సంగీతకారుడి పేరుని ముగ్గురికీ పంచేశారు.

ఇప్పుడు ఐదో సెషన్ వేస్తున్నాం. 25 నిమిషాలు కూడా ఉండదు. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను. స్పైక్ డబ్బులు ఎందుకు దాచుకోడని మాత్రం అడక్కండి, దానికి జవాబు జెట్ దగ్గర కూడా లేదు.