కరెంటుకు కనిపించని అయాన్లు: లిపిడ్ పొర పక్కన సూక్ష్మ ఎలక్ట్రోడ్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. జీవకణాన్ని చుట్టి ఉండే కొవ్వు పొరల్లాంటి లిపిడ్ పొరల గుండా అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, ఎలా దాటుతాయో సూక్ష్మ ఎలక్ట్రోడ్లతో కొలిచే పద్ధతి గురించి ఈ భాగంలో మాట్లాడుకుందాం. మేడమ్, పొరకు ఇరువైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు కొలిస్తే అయాన్ల లెక్క తెలుస్తుంది కదా. పొర దాకా సూక్ష్మ ఎలక్ట్రోడ్ గాజు మొనను తీసుకువెళ్ళవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

పరిశోధకురాలు: కరెంటు కొలతకున్న శక్తిని తక్కువ చేయలేమండీ. 1976లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్మన్ కప్ప కండరానికి గాజు పిపెట్ మొనను ఆనించి, ఒక్క అయాన్ చానల్ (కణపు పొరలో అయాన్లు వెళ్ళే ప్రోటీన్ ద్వారం) తెరుచుకుని మూసుకోవడాన్ని పికోఆంపియర్ల కరెంటుగా నమోదు చేశారు. వారికి 1991లో నోబెల్ బహుమతి లభించింది. అయితే కరెంటులో కనిపించేది పొరను దాటిన నికర విద్యుదావేశం మాత్రమే. నైజరిసిన్ అనే యాంటీబయాటిక్ ఒక పొటాషియం అయాన్‌ను అటు చేర్చి, తిరిగి వచ్చేటప్పుడు ఒక ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) ఇటు తెస్తుంది. ఎన్ని లక్షల అయాన్లు చేతులు మారినా నికర ఆవేశం సున్నాయే కాబట్టి మీటరు ముల్లు కదలదు. వాలినోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ పొటాషియంను మాత్రమే మోస్తుంది కనుక దాని పని కరెంటులో స్పష్టంగా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అలాంటప్పుడు పొరకు ఇరువైపులా ఉన్న ద్రావణం పీహెచ్, అంటే ప్రోటాన్ల గాఢతను తెలిపే కొలత, మారేదాకా వేచి ఉండాలా?

పరిశోధకురాలు: అంతసేపు పొర నిలవకపోవచ్చు. టెఫ్లాన్ పలకలో మిల్లీమీటరు వ్యాసమున్న రంధ్రం మీద, డెకేన్ అనే ద్రావణిలో కరిగించిన లిపిడ్‌ను పూసి తయారుచేసిన ఆ పొర మందం నాలుగైదు నానోమీటర్లే. అందువల్ల మనం చూడవలసిన చోటు పొర పక్కనే ఉంది. ద్రావణాన్ని ఎంత కలిపినా, పొరను ఆనుకుని వంద నుంచి కొన్ని వందల మైక్రోమీటర్ల మేర నీరు దాదాపు కదలకుండా ఉంటుంది. అక్కడ పదార్థం ముఖ్యంగా వ్యాపనం ద్వారానే, అంటే ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకు తనంతట తాను విస్తరిస్తూ, ప్రయాణిస్తుంది. పొర ఒకవైపు నుంచి అయాన్లను తీసుకుంటుంటే ఆ ముఖం దగ్గర గాఢత తగ్గుతుంది, రెండో ముఖం దగ్గర పెరుగుతుంది. ఆ గాఢత వాలును వ్యాపన గుణకంతో గుణిస్తే పొరలో ఒక్కో చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు ఎన్ని అయాన్లు దాటుతున్నాయో తెలుస్తుంది. ప్రోటాన్ల విషయంలో మాత్రం బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణ పదార్థం) మోసే వాటాను కూడా లెక్కలో చేర్చాలి. చాలామంది అడ్డంకిగా భావించే ఆ నిశ్చల నీరే ఇక్కడ కొలత పరికరంలో భాగమవుతుంది, ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ప్రియమైన ఆలోచన ఇదే.

వ్యాఖ్యాత: ఆ ఎలక్ట్రోడ్‌ను ఎలా తయారు చేస్తారు?

పరిశోధకురాలు: సన్నని గాజు గొట్టాన్ని వేడిచేసి లాగితే ఒకటి రెండు మైక్రోమీటర్ల మొన వస్తుంది. లోపలి గోడకు సిలేన్ పూత వేసి నీటిని అంటనివ్వకుండా చేశాక, ఎంచుకున్న అయాన్‌ను మాత్రమే పట్టుకునే నూనె వంటి ద్రవాన్ని మొనలో నింపుతారు. దాని వెనుక ఉప్పు ద్రావణం, అందులో సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి తీగ ఉంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పొటాషియం గాఢత పది రెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. కాల్షియంకు అందులో సగం. మొన నిరోధం గిగాఓమ్‌ల స్థాయిలో ఉంటుంది కాబట్టి మామూలు వోల్ట్‌మీటరు పనికిరాదు, అతి తక్కువ కరెంటు తీసుకునే ఎలక్ట్రోమీటరు, చుట్టూ బయటి విద్యుత్ అలజడిని అడ్డుకునే లోహపు ఫారడే పంజరం కావాలి. మొనను పొర వైపు మెల్లగా జరిపి, అదే వేగంతో వెనక్కి తీయాలి. వెళ్ళేటప్పటి కొలతల రేఖ, వచ్చేటప్పటి రేఖ ఒకదానిమీద ఒకటి పడకపోతే ఎలక్ట్రోడ్ స్పందన నెమ్మదించిందనో, మొన కదలికకు నీరు చెదిరిందనో అనుమానించాలి.

వ్యాఖ్యాత: పొరను దాటని అయాన్ నుంచి కూడా సమాచారం రాబట్టవచ్చని విన్నాను.

పరిశోధకురాలు: అవునండీ, పీటర్ పోల్, సపరోవ్, ఆంటొనెంకో అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన పని అదే. ఒకవైపు ద్రావణాన్ని ఎక్కువ గాఢంగా ఉంచితే ద్రవాభిసరణ వల్ల నీరు పొరను దాటి అటు వెళుతుంది. ఆ నీరు సోడియంను కూడా పొర దాకా లాక్కొస్తుంది కానీ పొర దాన్ని పోనివ్వదు. అందువల్ల నీరు వచ్చే వైపు సోడియం పోగుపడి, నీరు చేరే వైపు పలుచబడుతుంది. ఆ తేడాను చదివితే నీటి వేగం, దాని నుంచి పొర పారగమ్యత, అంటే పొర నీటిని ఎంత సులువుగా పోనిస్తుందో, తెలుస్తాయి.

వ్యాఖ్యాత: ఇటువంటి కొలతలు ఏదైనా వివాదాన్ని తేల్చాయా?

పరిశోధకురాలు: నూనెలో బాగా కరిగే అణువు పొరను త్వరగా దాటుతుందని 19వ శతాబ్దం చివర ఎర్నెస్ట్ ఓవర్టన్ చెప్పాడు. ఈ శతాబ్దం తొలి దశకంలో సాలిసిలిక్ ఆమ్లంపై జరిగిన కొన్ని కొలతల ఆధారంగా, బలహీన ఆమ్లాల విషయంలో ఆ నియమం చెల్లదన్న వాదన వచ్చింది. అయితే త్వరగా దాటే అణువుకు అసలు ఆటంకం పొర పక్క నీరే కావచ్చు. దాన్ని విడదీయకపోతే మనం కొలిచేది నీటి నిరోధమే అవుతుంది. 2006లో పోల్, సపరోవ్, ఆంటొనెంకో బృందం పీహెచ్ ఎలక్ట్రోడ్‌తో పొర పక్కన పరిశీలించి, ఓవర్టన్ నియమం నిలుస్తుందని చూపింది. నా దృష్టిలో వారి వాదనే బలమైనది, ఎందుకంటే పొర ముఖం దగ్గరి పీహెచ్‌ను వారు ఊహించుకోకుండా నేరుగా కొలిచారు.