అమ్మకో రోజు: ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు

అందరికీ నమస్కారం. ఈ ఎండలో ఇంతమంది వస్తారనుకోలేదు. ఏసీ పనిచేస్తోంది కాబట్టి కాస్త నిదానంగానే మాట్లాడతాను.

మన విశాఖ ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో కూతురు లండన్‌లో, కొడుకు డల్లాస్‌లో ఉన్న ఇళ్లు బోలెడు. ఆ తల్లులకు మదర్స్ డే ఏటా రెండుసార్లు. కూతురు మార్చిలో ఫోన్ చేస్తుంది, కొడుకు మేలో చేస్తాడు. ఇద్దరి లెక్కా సరైనదే. బ్రిటన్ వాళ్లది ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాల్లో నాలుగో ఆదివారం. ఈస్టర్ ఎటు జరిగితే అదీ అటు జరుగుతుంది. మొదట్లో అది తమ 'తల్లి చర్చి'కి, అంటే బాప్తిస్మం పొందిన చర్చికి, వెళ్లొచ్చే రోజు. పెద్దిళ్లలో పనికి కుదిరిన ఆడపిల్లలకు ఆ ఒక్కరోజు సెలవిచ్చి ఇంటికి పంపేవారు. దొరికిన సెలవులో అమ్మను చూసిరావడం, అంతే.

మే రెండో ఆదివారం మాత్రం అన్నా జార్విస్ అనే అమెరికా ఆవిడ పట్టుదల. వాళ్లమ్మ ఆన్ రీవ్స్ జార్విస్‌కు చాలామంది పిల్లలు పుట్టారు, పెరిగి పెద్దయింది నలుగురే. అప్పట్లో వెస్ట్ వర్జీనియా ఊళ్లలో అంటురోగాలు పసిపిల్లల్ని ఎత్తుకుపోయేవి. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఊరూరా తల్లులతో సంఘాలు పెట్టించి పాలు, నీళ్లు, పారిశుద్ధ్యం చూసుకోమంది. మన ఆశా కార్యకర్తలు చేసే పని అనుకోండి. 1905లో ఆవిడ పోయాక కూతురు పట్టుబట్టి 1908 మే 10న గ్రాఫ్టన్ చర్చిలో మొదటి సభ జరిపించింది. తను వెళ్లలేదు గానీ అమ్మకు ఇష్టమైన తెల్ల కార్నేషన్ పూలు 500 పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ దాన్ని దేశం మొత్తానికీ ప్రకటించాడు.

తర్వాత పూలవాళ్లు, గ్రీటింగ్ కార్డులవాళ్లు దిగారు. మే వచ్చేసరికి కార్నేషన్ల ధర పెరిగేది. అన్నాకు ఒళ్లు మండింది. అచ్చేసిన కార్డు కొనేవాడికి అమ్మకు నాలుగు ముక్కలు రాసే ఓపిక కూడా లేదని తిట్టిపోసింది, కోర్టులకెక్కింది, 1925లో ఒక సభలో గొడవ చేసి అరెస్టయింది. ఆ రోజు తెచ్చిన మనిషే దాన్ని ఆపడానికి ఆస్తంతా పోగొట్టుకుని 1948లో కన్నుమూసింది. నాకు ఆవిడంటే గౌరవం, కాస్త భయం కూడా.

ఇక్కడినుంచి గమనించండి. ఏ దేశంలో చూసినా ఆ రోజు వెనక ఎవరిదో అవసరం ఉంటుంది. మెక్సికోలో 1922లో ఎక్సెల్సియర్ అనే పత్రిక మే 10 ఖాయం చేసింది. గర్భనిరోధం గురించి అక్కడి స్త్రీవాదులు మాట్లాడుతున్న రోజులవి; అమ్మతనాన్ని ఆకాశానికెత్తడం వాళ్లకిచ్చిన జవాబు. జర్మనీలో 1923లో మొదలుపెట్టింది పూల వ్యాపారుల సంఘమే. ఆ తర్వాత హిట్లర్ వచ్చి, 1938లో తల్లులకు పతకాలు పెట్టాడు. ఎనిమిది మందిని కంటే బంగారు పతకం. సైన్యానికి మనుషులు కావాలి కదా! సెర్బియాది సరదా. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం పిల్లలు అమ్మను తాడుతో కట్టేస్తారు, మిఠాయిలో బహుమతులో ఇస్తేనే విప్పుతారు.

నేపాల్‌లో మన లెక్కన చైత్ర అమావాస్య. అమ్మ ఉన్నవాళ్లు మిఠాయిలు పట్టుకుని ఇంటికెళ్తారు, లేనివాళ్లు కాఠ్మాండు పక్క మాతాతీర్థ కుండంలో స్నానం చేసి తర్పణం వదులుతారు. పోయిన అమ్మకూ చోటిచ్చిన పండుగ కాబట్టి, వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైంది ఇదే.

థాయిలాండ్‌లో 1976 నుంచి ఆగస్టు 12, రాణి సిరికిత్ పుట్టినరోజు. పువ్వు మల్లె. స్కూళ్లకు తల్లుల్ని పిలిచి, పిల్లలు వాళ్ల కాళ్లకు మొక్కుతారు. తల్లిలేని పిల్లవాడు ఆ వరుసలో ఎక్కడ కూర్చోవాలి? టీచర్లు ఎవరైనా ఉంటే ఆలోచించండి.

మన దగ్గరకొస్తే, మే రెండో ఆదివారానికి పూర్ణా మార్కెట్‌లో మల్లెలు రాశులు పోసి ఉంటాయి. మనవాళ్లు మాత్రం ప్లాస్టిక్ కాగితం చుట్టిన కార్నేషన్లు కొంటారు. పైగా అది ఆవకాయ రోజుల్లో పడుతుంది. ముక్కలు కొట్టించుకొచ్చి, గుడ్డతో ఒక్కోటీ తుడిచి, లోపలి జీడి తీసి, ఆవపిండి ఘాటుకు కళ్లు మండుతుంటే కారం కలిపే తల్లితో 'అమ్మా, ఒకసారి ఇటు చూడు' అని సెల్ఫీ! వాట్సాప్ స్టేటస్ పెట్టాక ఆ జాడీలు అటకెక్కించేది మళ్లీ ఆవిడే.

ఇండోనేషియాలో డిసెంబరు 22. 1928లో ఆ రోజు యోగ్యకర్తాలో దేశంలోని మహిళా సంఘాలు మొదటిసారి కలిసి ఆడపిల్లల చదువు, బాల్యవివాహాల గురించి మాట్లాడాయి. తర్వాతి ప్రభుత్వాలు దాన్ని వంటల పోటీల దాకా దించాయి, అది వేరే సంగతి. బొలీవియాలో మే 27. 1812లో కోచబాంబా స్త్రీలు స్పెయిన్ సైన్యానికి ఎదురునిలిచిన రోజు.

అలాంటివి మనకు లేవా? నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నిషేధం నిలిచిందా లేదా అని మీరు వాదించొచ్చు, వాదిద్దాం. కానీ తెలుగు తల్లులకంటూ ఒక తేదీ పెట్టాలంటే నా ఓటు దానికే. ఇంకో తేదీ తోచినవాళ్లు చెయ్యెత్తండి, మైకు అటు పంపిస్తాను.