ఎపిసోడ్ 38: కార్టర్ గారి మూడు లక్షల ఎకరాలు

కిరణ్: నమస్తే. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ అమెరికాలోని వర్జీనియా కార్టర్ల వంశవృక్షం. అక్కా, టీ తెచ్చుకున్నావా?

శారద: తెచ్చుకున్నా. నువ్వు కానీ, నేను అడ్డురాను.

కిరణ్: పొగాకు ఎపిసోడ్‌లోనూ ఇదే మాట! సరే, రాబర్ట్ కార్టర్, తోటల యజమాని. 'కింగ్' కార్టర్ అనేవాళ్ళు. 1732లో పోయేనాటికి దాదాపు 3,00,000 ఎకరాలు. అప్పట్లో వీలునామా రాయకుండా పోతే భూమంతా పెద్దకొడుక్కే. పైగా ఎంటెయిల్ అని ఒకటుంది. అది పెట్టారంటే ఆ కొడుకు కూడా అమ్ముకోలేడు, తన వారసుడికి అప్పగించాల్సిందే.

శారద: భూమి ఒక్కటేనా?

కిరణ్: వచ్చేసింది.

శారద: రాదా మరి? 1705లో బానిసలను వారసత్వ లెక్కకి స్థిరాస్తి అని చట్టం రాసుకున్నారు. 1727లో ఎంటెయిల్ భూమికి మనుషుల్నీ కట్టిపెట్టే వీలు కల్పించారు. పొలంతో పాటు బావి ఎలా వస్తుందో, మనుషులూ అలాగే.

కిరణ్: అందుకేగా జార్జ్ వాషింగ్టన్‌కి, ఆ మనుషుల్ని విడిపించాలన్నా, చేతులు కట్టేసినట్టయింది. ఆయన భార్య మార్తా మొదటి మొగుడు కస్టిస్ 1757లో వీలునామా లేకుండా పోయాడు. ఆమెకు వచ్చింది మూడో వంతు, అదీ బతికున్నంతకాలం అనుభవించడానికే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసే వీలు అక్కడ లేదక్కా.

శారద: ఆ సొమ్ముకి పేర్లున్నాయి కిరణ్.

కిరణ్: తప్పే. ఆ సామెత ఇక్కడ వాడకూడదు.

శారద: 1799లో వాషింగ్టన్ రాసిన బానిసల జాబితా చూడు. ఒక భాగం 'జి.డబ్ల్యు.', అంటే వాషింగ్టన్ సొంతం. ఇంకోటి 'డవర్', అంటే మార్తాకి వచ్చిన ఆ మూడో వంతు. డవర్ వాళ్ళు 153 మంది. వడ్రంగి ఐజాక్ పేరు జి.డబ్ల్యు.లో ఉంది. పక్కనే, భార్య కిట్టీ, డవర్ అని. 1662 నుంచీ పిల్లలది తల్లి స్థితే. అంటే కూతుళ్ళంతా డవరే. 1801లో ఐజాక్‌కి విడుదల. మరుసటి ఏడు మార్తా పోయాక, కిట్టీ వైపు వాళ్ళని కస్టిస్ మనవలకు పంచారు.

కిరణ్: ...ఆ పెళ్ళిళ్ళ వల్ల వచ్చే బాధ సంగతి వాషింగ్టన్ వీలునామాలోనే రాశాడు. తెలియక చేసింది కాదు.

శారద: తెలిసే. మరి కార్టర్ మనవడు, నోమిని హాల్ రాబర్ట్ కార్టర్, 1791లో దాదాపు 500 మందికి విడుదల పత్రం రాశాడుగా! ఆయనా ఆ తోటల మధ్య పుట్టినవాడేగా?

కిరణ్: ఆయనది సొంత వాటా. మార్తాది కాదు. చట్టం వేరు.

శారద: చట్టం రాసింది ఎవరు? ఆ తోటల యజమానులే కదా సభలో కూర్చుంది!

కిరణ్: అది ఒప్పుకుంటా. ఎంటెయిల్‌ని 1776లో తీసేశారు, పెద్దకొడుకు పద్ధతిని 1785లో. ఇక వంశవృక్షం...

శారద: ఎవరి వంశవృక్షం? కార్టర్లది పది తరాలు దొరుకుతుంది. ఐజాక్ లాంటివాళ్ళ మునిమనవలు వెతికితే 1870 జనగణన దగ్గర ఆగిపోతారు. అంతకుముందు 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు, కింద వయసు, ఆడా మగా, రంగు. అంతే.

కిరణ్: 1870 మళ్ళీ.

శారద: ప్రతిసారీ చెబుతా. పేరు కావాలంటే ఆ యజమాని వీలునామానే తెరవాలి. పరుపులు, ఎద్దులు, ఆ వరసలోనే మనిషి పేరు.

కిరణ్: అక్కా, రెండో కొడుకు దగ్గరికి కూడా రాలేదు మనం.

శారద: ఆ పేజీ ఇంకోసారి పైకి జరుపు. కిట్టీ కింద ఉన్న పేర్లు చదువుతా.