చర్మం మీద ఏమీ కనిపించని దురద

అందరికీ నమస్కారం. దురద గురించి వినడానికి ఇంతమంది పెద్దలు నల్లగొండకు వచ్చారంటే, ఎన్ని ఇళ్లలో రాత్రిళ్లు నిద్ర కరువైందో అర్థమవుతోంది.

దేవరకొండ వైపు నుంచి ఒక అవ్వ నా దగ్గరికి వచ్చేది. ఎడమ రెక్క ఎముక పక్కన, అరచేయంత చోట, మూడేళ్లుగా దురద. చెయ్యి అందక దర్వాజకు వీపు ఆనించి రుద్దుకునేది. ఆ చోట నల్లబడింది తప్ప పొక్కు లేదు, దద్దురు లేదు. ఇంట్లోవాళ్లు గజ్జి అనుకొని ఆమె మంచం, దుప్పటి వేరు చేశారు. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబులన్నీ పూసింది. మొదటి రెండుసార్లు నేనూ అలర్జీకి ఇచ్చే సెట్రిజిన్ గోళీలే రాశాను. నా వల్ల ఆమెకు ఇంకొన్ని నెలల నిద్ర పోయిందని ఇప్పటికీ బాధ.

తప్పు ఆమె చర్మంలో లేదు, నరంలో ఉంది. వెన్నెముక నుంచి వీపు మీదికి వచ్చే నరం నలిగితే, చర్మం బాగున్నా మెదడుకు దురద కబురు పోతూనే ఉంటుంది. దీన్ని నోటాల్జియా పారెస్థెటికా అంటారు. మెడ ఎముకలు అరిగినవాళ్లకు ఇలాంటిదే ముంజేతుల మీద వస్తుంది. ఎండకు ఎక్కువవుతుంది, ఐస్ పెడితే తగ్గుతుంది. సర్పి మానిన చోటా నెలల తరబడి ఉండొచ్చు. సెట్రిజిన్ ఆపేది హిస్టమిన్‌ను, అంటే అలర్జీలో ఒంట్లో దురద పుట్టించే పదార్థాన్ని. ఈ దురదలో దాని పాత్ర పెద్దగా లేదు కాబట్టి ఎన్ని మింగినా మగతే మిగులుతుంది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి, వేళ్ల సందుల్లో దురద ఉంటే ముందు గజ్జి కోసం చూడాలి. ఒళ్లంతా ఉండి 6 వారాలు దాటితే కిడ్నీ, లివర్, థైరాయిడ్, రక్త పరీక్షలు చేయించాలి. అవేవీ కాదని తేలాక నరం మందులు: గాబాపెంటిన్, ప్రీగాబలిన్. రాత్రిపూట చిన్న డోసుతో మొదలుపెడతాం. మగత, తూలుడు ఉంటాయి, అర్ధరాత్రి బాత్‌రూంకు లేచే పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది, లైటు వేసుకొని లేవండి. వారంలో గుణం కనపడలేదని మానొద్దు, తగ్గిందని ఒక్కసారిగా ఆపొద్దు. అవ్వకు నాలుగో వారంలో గానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. దురద మొత్తం పోలేదు, కానీ ఆమె మంచం మళ్లీ మనవరాలి పక్కకు చేరింది.

క్యాప్సైసిన్ క్రీము కూడా ఉంది. మిరపకాయకు మంట ఇచ్చే పదార్థమే అది. మిర్చి ఏరి వచ్చిన చేతులకు ఆ మంట తెలుసు. మొదట్లో మండుతుంది, రోజుకు మూడు నాలుగుసార్లు, వారాల తరబడి పూస్తే దురద మోసే నరాల కొసలు మొద్దుబారతాయి. పుండు మీద పూయొద్దు, కళ్లకు తగలనీయొద్దు. దయచేసి ఇంట్లో కారం నూరి మాత్రం పూసుకోకండి.

డయాలసిస్‌కు పోయేవాళ్ల దురద సంగతి వేరు. అందులో నరాల పాత్రా ఉంది, కిడ్నీ పాత్రా ఉంది. గాబాపెంటిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, అందుకే వాళ్లకు 100 మిల్లీగ్రాములంత తక్కువతో, డయాలసిస్ అయ్యాకే మొదలుపెడతారు. పక్కింటివాళ్ల గోళీ తెచ్చుకొని వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డయాలసిస్‌ వాళ్ల దురద కోసమే డైఫెలికెఫాలిన్ అనే ఇంజక్షన్‌ను 2021లో అమెరికా ఆమోదించింది. చాలామంది "కిడ్నీ పోయింది, ఇక దురదేం లెక్క" అని డాక్టరుకు చెప్పనే చెప్పరు. డయాలసిస్ బెడ్ మీద ఉన్నప్పుడే చెప్పండి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా చెప్పండి.