పటం గీసేవాళ్లు, కథ చెప్పేవాళ్లు

[తెర మీద: చేర్యాల పటం. కెమెరా పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంది.]

చేర్యాల బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్రటి నేల, పెద్ద పెద్ద కళ్లు, ఒంటినిండా నగలు. ఇప్పుడు ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటున్నాం గానీ, ఇది గోడ కోసం పుట్టిన బొమ్మ కాదు. ఒకరు గీస్తే ఇంకొకరు దాన్ని చూపిస్తూ కథ పాడేవారు. ఆ ఇద్దరు కళాకారులూ కలిసి ఎలా పనిచేశారు, ఆ పొత్తు ఎక్కడ తెగింది, మళ్లీ ఎలా కలపొచ్చు? ఈ వీడియోలో మాట్లాడుకుందాం.

[తెర మీద: కుంచె పట్టిన చెయ్యి, దగ్గరగా.]

సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఈ పటాలు గీసేవాళ్లను నకాషీలు అంటారు. ఉన్నవి కొద్ది కుటుంబాలే. వాళ్లకు పని ఇచ్చింది రాజులూ కాదు, గుళ్లూ కాదు. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కళాకారులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య డక్కలి కుటుంబంలో పుట్టినవారే. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లు పటానికి బదులు చెక్కతో చేసిన బొమ్మల్ని వాడతారు. అవి కూడా నకాషీల చేతి పనే.

పటం ఎలా తయారవుతుందో చూద్దాం. ముందు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల జిగురు కలిపి పూత పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. గుడ్డ గట్టిపడి నునుపు తేలుతుంది. అయినా చుట్టచుడితే చిట్లదు. దాదాపు మూడడుగుల వెడల్పు ఉంటుంది, పొడవు ముప్పై అడుగులు కూడా దాటొచ్చు. పైన వినాయకుడితో మొదలుపెట్టి కథను వరసగా, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టంగా కిందికి దింపుతారు. గడికీ గడికీ మధ్య పూలతీగ అంచు.

[తెర మీద: భావనారుషి ఉన్న గడి.]

ఇదిగో, ఈ గడి చూడండి. విష్ణుమూర్తి బొడ్డుతామర తూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసిన భావనారుషి. పద్మశాలీల మూలపురుషుడు. దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు. ఈ లెక్క గీసేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు, ముందు కూర్చున్న జనానికీ తెలుసు. కథకుడు కర్రతో గడిని తాకగానే ఎవరు ఎవరో అందరికీ అర్థమైపోతుంది. ఆ ఎరుపూ, ఆ నల్లటి గీతా అంత గట్టిగా ఉన్నాయంటే, రాత్రిపూట దీపం వెలుగులో వెనక వరసలో కూర్చున్నవాళ్లకూ కనపడాలి కదా! నకాషీ కుంచె ముంచే ముందే కథకుడి అవసరం ఆలోచించాలన్నమాట.

అంతేకాదు. ఏ ఘట్టం పెద్దగా రావాలి, ఏది చిన్న గడిలో సరిపోతుంది అన్నది కథ చెప్పేవాళ్లకు తెలుసు. ఆ కథను గుడ్డ మీద ఎలా పరచాలన్నది నకాషీకి తెలుసు. పాత పటం పాడైతే కథకులు దాన్ని తెచ్చి చూపించి కొత్తది గీయించుకునేవారు. కొత్తదానికి పూజ చేసి, పాతదాన్ని నీళ్లలో కలిపేవారు. అంటే తరానికోసారైనా గీసేవాళ్లూ చెప్పేవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని కథను మొదటి నుంచి చివరిదాకా మాట్లాడుకోక తప్పేది కాదు. నాకు ఈ ఏర్పాటు చాలా గొప్పగా అనిపిస్తుంది.

[తెర మీద: ముఖాల బొమ్మలు, కీచైన్లు, చిన్న ఫ్రేములు.]

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు, పటం అడిగేవాళ్లూ తగ్గారు. నకాషీలు ముఖాల బొమ్మలు, చిన్న ఫ్రేములు, కీచైన్లు చేసి నిలదొక్కుకున్నారు. ఇది ఫలానా ప్రాంతానికే చెందిన కళ అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లు నిలబడ్డందుకు మనసారా సంతోషం. కానీ ఈ కొత్త బజారులో కథకుడికి చోటు లేదు. బొమ్మకు వెల ఉంది, పాటకు లేదు. ఒకే కళలో ఒక చెయ్యి బతికి ఇంకో చెయ్యి ఎండిపోవడం నాకు బాధగా ఉంది.

మరి కలపడం ఎలా? సన్మాన సభల వల్ల కాదు. శాలువా కప్పించుకుని ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. ఇద్దరికీ కలిపి ఒక పని ఇవ్వాలి. ఒక పద్మశాలీ సంఘమో, ఒక కాలేజీయో, అమెరికాలో ఉన్న ఒక తెలుగు సంఘమో పూర్తి పటం ఒకటి చేయించిందనుకోండి. కూనపులి బృందాన్ని నకాషీ ఇంటికి పిలవాలి. కథంతా పాడించి రికార్డు చేయాలి. గడుల వరస ఇద్దరూ కూర్చుని కాగితం మీద తేల్చుకోవాలి. గీత పడ్డాక, రంగులు నింపకముందే కథకులు ఒకసారి చూడాలి. తప్పుంటే అప్పుడే దిద్దుకోవచ్చు. డబ్బు సంగతి మొదటిరోజే తేల్చేయాలి: గీతకు ఎంత, పాటకు ఎంత, బృందం రానుపోను ఖర్చు ఎవరిది. ఈ మాట మొహమాటంతో వాయిదా వేస్తే ఎంత మంచి స్నేహమైనా చెడుతుంది.

పటం పూర్తయ్యాక మొదటి కథ ఆ ఊళ్లోనే, ఆ జనం మధ్యే జరగాలి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాలి. పటం ఆ తర్వాత కథకుల దగ్గరే ఉండాలి, అద్దాల బీరువాలో కాదు.

మీరు చేర్యాల వెళ్లినప్పుడు బొమ్మ ఒక్కటే కొని వచ్చేయకండి. "ఈ కథ చెప్పేవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు?" అని నకాషీని అడగండి. ఊరి పేరు చెబితే కింద కామెంట్లో రాయండి. ఆ బృందాల వివరాలు ఒక్కచోట చేర్చి, వాళ్ల అనుమతితో, పటం చేయించాలనుకునే సంఘాలకు అందిస్తాం.