రిచీ స్ట్రీట్‌కి వెళ్లే ముందు: మొదటి డెస్క్‌టాప్‌కి పార్టులు కుదుర్చుకోవడం

అందరికీ నమస్కారం.

సొంతంగా ఒక డెస్క్‌టాప్ బిల్డ్ చేసుకోవాలని ఉంది, కానీ కొన్న పార్టులు ఒకదానికొకటి సరిపోతాయో లేదోనని టెన్షన్‌గా ఉంది. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నాతో అన్న మాట ఇదే. మీలో చాలామంది నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి చదువుకోడానికి చెన్నై వచ్చారు. ఇంట్లోవాళ్లు కూడబెట్టి పంపిన డబ్బుతో కొంటున్నారు. ఆ భయం ఉండాల్సిందే. అందుకని ఏ ప్రాసెసర్ గొప్పది, ఏ గ్రాఫిక్స్ కార్డు ఎక్కువ ఎఫ్‌పీఎస్ (సెకనుకి చూపే బొమ్మలు) ఇస్తుంది అన్న చర్చలోకి ఈరోజు వెళ్లను. దేనికి ఏది కుదురుతుంది, ఎందుకు కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది, ఇంతవరకే.

ఇంట్లో కూర్చుని నాలుగు వీడియోలు చూసి రాసుకున్న లిస్టు మామూలుగా బాగానే ఉంటుంది. చెడేది షాపు కౌంటరు దగ్గర. మౌంట్ రోడ్డు నుంచి మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లోకి వెళ్లి లిస్టు ఇస్తారు. "ఈ మదర్‌బోర్డు స్టాక్ లేదు, ఇది తీసుకోండి, అదే రేటు, దానికంటే మంచిది" అంటారు. అబద్ధం కాకపోవచ్చు, ఆ బోర్డు నిజంగానే మంచిది కావచ్చు. కానీ లిస్టులో ఒక పేరు మారితే దానితో ముడిపడిన మిగతా పేర్లన్నీ మళ్లీ చూసుకోవాలి. ఏది దేనితో ముడిపడిందో తెలియకపోతే ఆ నిమిషంలో తల ఊపేస్తాం. ఇంటికొచ్చాక డిస్‌ప్లే రాదు.

అసలు వేర్వేరు దేశాల్లో వేర్వేరు కంపెనీలు చేసిన వస్తువులు ఒక పెట్టెలో ఎలా ఇముడుతున్నాయి? ఉమ్మడి ప్రమాణాలు ఉండబట్టి. బోర్డు కొలతలు, స్క్రూ రంధ్రాల చోట్లు, 24 పిన్నుల కరెంటు కనెక్టరు ఇవన్నీ ఏటీఎక్స్ ప్రమాణం కిందికి వస్తాయి. దాని మొదటి రూపాన్ని ఇంటెల్ 1995లో ఇచ్చింది. ర్యామ్‌కి జెడెక్ సంస్థ రాసిన ప్రమాణం ఉంది. గ్రాఫిక్స్ కార్డు దూరే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 2003 నుంచి తరం తర్వాత తరం పాతవాటితో కలిసి పనిచేస్తూనే వస్తోంది. నాలుగో తరం కార్డుని మూడో తరం స్లాటులో పెడితే వేగం కొంత తగ్గవచ్చు, పనిచేయడం మాత్రం పనిచేస్తుంది. ఇలా ప్రమాణం ఉన్నచోట నిశ్చింతగా ఉండండి. ఏ కంపెనీ బోర్డుకి ఏ కంపెనీ కార్డు అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మన టైమంతా ఉమ్మడి ప్రమాణం లేనిచోట పెట్టాలి. అలాంటివి ముఖ్యంగా రెండు: ప్రాసెసర్ సాకెట్టు, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు; మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ కేబుళ్లు, అంటే పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా నుంచి ఊడదీసి పెట్టుకోగల కేబుళ్లు. వీటి మీదే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు ప్రాసెసర్, బోర్డు. ఇంటెల్ సాకెట్టు ఇంటెల్‌ది, ఏఎండీ సాకెట్టు ఏఎండీది. ఇప్పుడు కొత్తగా దొరికేవాటిలో ఏఎండీ వైపు ఏఎం4, ఏఎం5 ఉన్నాయి. ఇంటెల్ వైపు 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ1700, 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకి ఎల్‌జీఏ1851. సాకెట్టు పేరు కలవకపోతే ప్రాసెసర్ కూర్చోనే కూర్చోదు. అది కౌంటరు దగ్గరే బయటపడుతుంది. కాబట్టి పెద్ద ప్రమాదం కాదు.

ప్రమాదం సాకెట్టు పేరు కలిసి కూడా పనిచేయకపోవడంలో ఉంది. ఎల్‌జీఏ1151 సంగతే చూడండి. ఇంటెల్ ఆరు, ఏడో తరాలకీ అదే పేరు, ఎనిమిది, తొమ్మిదో తరాలకీ అదే పేరు. ప్రాసెసర్ రెండింట్లోనూ చక్కగా కూర్చుంటుంది. కానీ లోపల పిన్నుల వాడకం మారింది. అందుకే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఆరు, ఏడో తరాలకి వచ్చిన 100, 200 వరుస చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా పార్టులతో కలిపే చిప్పు) బోర్డుల మీద పనిచేయదు. సెకండ్ హ్యాండ్ కొందామనుకునేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కి దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం, లేదా ఏఎండీ రైజెన్ 2000 వరుస నుంచి పైవే కావాలి. అందుకే ఎనిమిదో తరం ప్రాసెసర్ తక్కువకి దొరికిందని కొని, ఎవరో ఇచ్చిన ఆరో తరం బోర్డులో పెడదామనుకునేవాళ్లు కనిపిస్తుంటారు. ఆ జంట కుదరదు.

ఇక బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే పార్టుల్ని లేపే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం. ఏఎం4 చాలా ఏళ్లు నడిచిన సాకెట్టు. 2018లో వచ్చిన బీ450 బోర్డులో 2022లో వచ్చిన రైజెన్ 5 5600 పనిచేస్తుంది. కొనేవాళ్లకి అది నిజంగా గొప్ప మేలు. కానీ బోర్డు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజుకి ఆ ప్రాసెసర్ పుట్టనే లేదు కదా, బోర్డులోని బయోస్‌కి అదెవరో తెలియదు. అప్‌డేట్ చేసేదాకా స్క్రీను నల్లగానే ఉంటుంది. ఏఎం5లోనూ ఇంతే. 2022లో వచ్చిన బీ650 బోర్డు పాత స్టాకులో దొరికితే, 2024లో వచ్చిన రైజెన్ 9000 వరుసకి బయోస్ అప్‌డేట్ కావాలి.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. బోర్డు తయారు చేసిన కంపెనీ వెబ్‌సైటుకి వెళ్లి ఆ మోడల్ పేరు కొట్టండి. సపోర్ట్ విభాగంలో సీపీయూ (ప్రాసెసర్) సపోర్ట్ జాబితా ఉంటుంది. మీ ప్రాసెసర్ పేరుకి ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. ఈ ఒక్క పేజీ చదవడం వస్తే సగం పని అయినట్టే. షాపులో అప్‌డేట్ చేసి ఇమ్మని అడగండి, చాలామంది చేస్తారు. లేకపోతే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ లాంటి బటన్ ఉన్న బోర్డు తీసుకోండి. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కంపెనీ చెప్పిన పేరుతో బయోస్ ఫైలు పెట్టి, బోర్డుకి కరెంటు కేబుళ్లు తగిలించి, దానికోసం గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులో గుచ్చి ఆ బటన్ నొక్కాలి. చిన్న లైటు మినుకుమంటూ ఉంటుంది. కంపెనీ చెప్పినట్టు అది ఆగేదాకా కరెంటు పోకూడదు, ముట్టుకోకూడదు. ఇంటెల్ 13, 14 తరాలు కొనేవాళ్లకి బయోస్ మరీ ముఖ్యం. ఆ తరాల్లో కొన్ని ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని సవరణలు ఇచ్చింది. అవి బయోస్ అప్‌డేట్‌తోనే వస్తాయి.

బోర్డు కుదిరిందంటే ర్యామ్ రకం కూడా తేలిపోయినట్టే. ఏఎం4కి డీడీఆర్4, ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే. చిక్కంతా ఎల్‌జీఏ1700తో. ఆ సాకెట్టులో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. ఒకే మోడల్‌కి రెండు రూపాలు ఉంటాయి, డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పేరు చివర "డీ4" అనో "డీడీఆర్4" అనో ఉండటమే తేడా. స్టాక్ లేదని ఒకదాని బదులు ఇంకొకటి చేతిలో పెట్టేది సరిగ్గా ఇలాంటి చోటే. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే. కానీ అడుగున గాడి ఉండే చోటు వేరు. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది తప్ప ర్యామ్ దిగదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులు ఉన్నవాళ్లు వాటికి సరిపడే బోర్డు చూసుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. అయితే అవి ల్యాప్‌టాప్‌లో వాడే పొట్టి స్టిక్కులు కాకూడదు, సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ కూడా కాకూడదు. మామూలు డెస్క్‌టాప్ బోర్డులో ఆ రెండూ పనికిరావు.

రెండు స్టిక్కులు కొని, బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. బోర్డు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 6000 అని డబ్బా మీద రాసి ఉన్న ర్యామ్ 4800 దగ్గరే నడవచ్చు. డబ్బులు పెట్టి కొన్న వేగం అది, వదులుకోకండి.

ఇప్పుడు డిస్‌ప్లే. ఒక అబ్బాయి కొత్త సిస్టం పట్టుకొచ్చాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో ఏమీ లేదు. ర్యామ్ తీసి పెట్టాడు, బోర్డు మార్పించాలని కూడా చూశాడు. విప్పి చూస్తే ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" ఉంది. లిస్టులో ఉన్నది ఎఫ్ లేని ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొందామని ఆగాడు. కౌంటరు దగ్గర కొంచెం తక్కువకి వస్తుందని ఎఫ్ ఉన్నది చేతికొచ్చింది. ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ఆ సిస్టంలో ఏ పార్టూ చెడిపోలేదు, మానిటర్‌కి బొమ్మ పంపే పార్టే లేదు. ఏఎండీలో రైజెన్ 5 5600కీ లోపల గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. రైజెన్ 7000 వరుసలో దాదాపు అన్నిటికీ చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, 7500ఎఫ్ లాంటివి తప్ప. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనలేమనుకునేవాళ్లు ఆ చివరి అక్షరాన్ని బిల్లు మీద కూడా చదవండి. కార్డు కొన్నవాళ్లయితే హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకి పెట్టండి.

ఎస్ఎంపీఎస్ దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా పోతారు. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిందని వాడేస్తారు, లేదంటే భయపడి వెయ్యి వాట్లది కొంటారు. లెక్క వేసుకుంటే తేలిపోతుంది. రైజెన్ 5 7600 గట్టిగా లాగితే 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో యాభై అరవై వేసుకోండి. మొత్తం 260 చుట్టూ ఉంటుంది. మంచి కంపెనీ 550 వాట్లది హాయిగా సరిపోతుంది. ఆ కార్డుకి ఎన్విడియా చెప్పేది కూడా 550 వాట్లే. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతాయి. లోపలి నాణ్యతకి అవే హామీ కాదు, ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారో కూడా చూడండి.

మాడ్యులర్ కేబుళ్ల గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. డ్రైవ్‌కి తగిలే చివర ప్రమాణం ప్రకారం ఉంటుంది. ఎస్ఎంపీఎస్‌కి తగిలే చివర ఏ పిన్నులో ఏ వోల్టేజీ రావాలన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌లో దూరుతుంది. అలా పెడితే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వచ్చి ఎస్ఎస్‌డీ కాలిపోవచ్చు, దానితో పాటు అందులోని ప్రాజెక్టు పనంతా పోవచ్చు. పాత ఎస్ఎంపీఎస్ పోయి కొత్తది పెట్టేటప్పుడు పాత కేబుళ్లు ఒక్కటి కూడా ఉంచకండి, ఒకే కంపెనీదైనా సరే. అలాగే ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ ఒకటి కావు. 12 వోల్టుల వైపు, గ్రౌండు వైపు తారుమారుగా ఉంటాయి. మొదటిది 4+4గా, రెండోది 6+2గా విడిపోతుంది, అదే గుర్తు.

కొన్ని పెద్ద ఎస్ఎంపీఎస్‌లతో 16 ఆంపియర్ల లావు ప్లగ్గు వస్తుంది. పీజీ గదుల్లో టేబుల్ పక్కనుండేది 6 ఆంపియర్ల సాకెట్టే, ముందే చూసుకోండి. యూపీఎస్ కొనేవాళ్లు వీఏ కాదు, వాట్లు చదవండి. 600 వీఏ అని అమ్మేవి చాలావరకు ఇచ్చేది 360 వాట్ల దగ్గరే, మానిటర్ కూడా అందులోంచే తీసుకోవాలి.

క్యాబినెట్ విషయంలో కొలతలు కలిస్తే చాలు. బోర్డు సైజు, కార్డు పొడవు, ప్రాసెసర్ మీద బిగించే కూలర్ ఎత్తు, ఈ మూడూ క్యాబినెట్ వివరాల్లో మిల్లీమీటర్లలో ఉంటాయి. పెద్ద టవర్ కూలర్లు 155 నుంచి 165 మిల్లీమీటర్ల దాకా పోతాయి, మూడు ఫ్యాన్ల కార్డులు చాలావాటికి 300 దాటుతుంది. కూలర్ మీ సాకెట్టుకి బిగుస్తుందా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. ఎల్‌జీఏ1200లో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700కి వచ్చేసరికి 78 అయింది, పాత కూలర్‌కి కొత్త బ్రాకెట్ కావాలి. ముందువైపంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్ చెన్నైలో నేను కొననివ్వను. మే నెలలో ఏసీ లేని గదిలో గాలే వేడిగా ఉంటుంది, ఆ గాలి కూడా లోపలికి పోకపోతే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. జాలీ ముందుభాగం ఉన్నది తీసుకోండి.

ఎస్ఎస్‌డీకి రెండు మాటలు. ఎం.2 (బోర్డు మీదే అమర్చే సన్నని పలక) ఆకారంలో పాత సాటా రకం, వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ రకం రెండూ ఉన్నాయి, మీ బోర్డు స్లాటు ఏది తీసుకుంటుందో చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, పాత హార్డ్ డిస్క్ కనపడలేదని కంగారు పడకండి.

షాపులో ఎవరైనా పార్టు మార్చమంటే అక్కడే ఫోను తీయండి. మార్చింది బోర్డు అయితే సీపీయూ జాబితా, ర్యామ్ రకం, సైజు మళ్లీ చూడాలి. ప్రాసెసర్ అయితే బయోస్ వెర్షన్, చివరి అక్షరం, కూలర్. గ్రాఫిక్స్ కార్డు అయితే పొడవు, వాట్లు, కరెంటు కనెక్టరు. వెనక క్యూ ఉన్నా సరే, పది నిమిషాలు పక్కకి జరిగి చూసుకుని రండి, ఎవరూ ఏమీ అనుకోరు. జీఎస్‌టీ బిల్లు మీద పూర్తి మోడల్ పేర్లు, సీరియల్ నంబర్లు రాయించుకోండి. బోర్డు సాకెట్టు మీదుండే ప్లాస్టిక్ మూత పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు.

లిస్టులు రాసుకుని వచ్చినవాళ్లు ముందు వరసలోకి రండి. ఒక్కొక్కటీ బోర్డు సపోర్ట్ పేజీ తెరిచి స్క్రీన్ మీద అందరం కలిసి చూద్దాం. సెకండ్ హ్యాండ్ పార్టులున్న లిస్టులు ముందు తీసుకుందాం, వాటికే టైం ఎక్కువ పడుతుంది.