పేదరికం లెక్క ఎలా కడతారు? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: మొదటి కాల్ లైన్‌లో ఉంది. హలో, చెప్పండమ్మా.

కాలర్ 1: నమస్కారం సార్. ఎం.ఏ. ప్రాజెక్టుకి ఇంటింటి సర్వే చేయబోతున్నాను. "మీ నెల ఆదాయం ఎంత?" అని మొదటి ప్రశ్న పెట్టాను. సరిపోతుందా?

నిపుణుడు: దాన్ని కొట్టేయండమ్మా. సాగు మీదా, కూలి మీదా బతికేవాళ్లకు నెల ఆదాయం అంటూ ఏముంటుంది? పంట చేతికొచ్చినప్పుడు ఒక్కసారే వస్తుంది, మిగతా నెలలు అప్పుతో గడుస్తాయి. ఖర్చు అడగండి, అది అంతగా ఎగుడుదిగుడు కాదు. సొంత పొలంలో పండించుకు తిన్నదానికి, కూలి కింద గింజలు అందితే వాటికీ స్థానిక ధర కట్టి కలపాలి. అది వదిలేస్తే రైతు కుటుంబాలు ఉన్నదానికంటే పేదగా కనిపిస్తాయి.

కాలర్ 1: ఎన్ని రోజుల ఖర్చు అడగాలి సార్?

నిపుణుడు: అసలు చిక్కంతా అక్కడే. తిండికి 7 రోజులు, బట్టలకూ చదువుకూ 365 రోజులు పెట్టుకోవచ్చు. 30 రోజుల తిండి అడిగితే కొంత మరిచిపోతారు, అంకె తగ్గుతుంది. 7 రోజులే అడిగితే అంతకు ముందు కొన్నదీ ఈ వారంలో కలిపేస్తారు, అంకె పెరుగుతుంది. భారతదేశంలో 1999-2000 జాతీయ నమూనా సర్వేలో తిండి ఖర్చుకు ఈ రెండు గడువులూ పక్కపక్కనే అడిగారు. జనం రెండు జవాబులకూ పొంతన కుదిర్చి చెప్పారనీ, ఆ అంకెల్ని పాత రౌండ్లతో పోల్చలేమనీ పెద్ద వాదనే నడిచింది. కాబట్టి ఏ గడువు పెట్టుకున్నా, మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం మార్చకండి.

కాలర్ 1: 20 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు అనుకున్నాను.

నిపుణుడు: 40 ఊళ్లు, ఊరికి 10 ఇళ్లు వీలవుతుందా? ఒకే వాన, ఒకే సంత... ఒక ఊళ్లో ఇళ్లన్నీ కాస్త ఒకే తీరుగా ఉంటాయి. ఆ పోలికను 0 నుంచి 1 దాకా కొలిస్తే 0.05 మాత్రమే అనుకోండి. ఊరికి 20 ఇళ్లలో ఒకటి తీసేస్తే 19. 1 + 19 × 0.05 అంటే 1.95. 400ని దాంతో భాగిస్తే, మీరు తిరిగిన 400 ఇళ్లు దాదాపు 205 ఇళ్ల పెట్టు. ఊరికి 10 అయితే 1.45 వస్తుంది, 276 ఇళ్ల పెట్టు. తిరుగుడు ఖర్చు పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి.

యాంకర్: ఇంకో కాల్.

కాలర్ 2: పేదల శాతం తగ్గిందంటే పేదలు బాగుపడ్డట్టే కదండీ?

నిపుణుడు: కాకపోవచ్చండి. పేదరికపు గీత, అంటే ఖర్చు దానికంటే తక్కువైతే పేద అనే హద్దు, 100 అనుకుందాం. నలుగురి ఖర్చు 60, 90, 120, 200. ఇద్దరు పేదలు, 50 శాతం. ఇప్పుడు 60 వాడి దగ్గర 10 తీసి 90 వాడికిచ్చాం. వాడు గీతను అందుకున్నాడు, పేదలు 25 శాతానికి దిగారు! కడు పేద మాత్రం 50కి జారాడు. ఒక్కొక్కరు గీతకు ఎంత తక్కువో గీతతో భాగించి, నలుగురి మీదా తీసిన సగటు లోటు మారలేదు: 0.125. ఒక్కొక్కరి లోటునూ వర్గం చేసి సగటు తీస్తే 0.0425 కాస్తా 0.0625కి పెరిగింది. ఫోస్టర్, గ్రీర్, థోర్‌బెక్ అనే ఆర్థికవేత్తలు 1984లో ఇచ్చిన కొలతలివి. శాతం ఒక్కటే చెప్పే నివేదిక చూస్తే నాకు అనుమానమే.

కాలర్ 3: రోడ్డు పడ్డ ఊళ్లు బాగా ఎదిగాయి. కారణం రోడ్డేనని చెప్పొచ్చా?

నిపుణుడు: ఎదిగే ఊళ్లకే ముందు రోడ్డు వేసి ఉంటే? మెక్సికో 1997లో ప్రోగ్రెసా నగదు సాయం మొదలుపెట్టినప్పుడు, మూల్యాంకనానికి ఎంచుకున్న 506 ఊళ్లలో లాటరీ పద్ధతిన 320కి ముందు, 186కి తర్వాత ఇచ్చింది. పోలిక తేలికైంది. రోడ్లకు లాటరీ కష్టం కాబట్టి, రోడ్డుకు ముందు కొన్నేళ్లు రోడ్డు పడ్డ ఊళ్లూ, పడని ఊళ్లూ ఒకే తీరున నడిచాయేమో చూడండి. లెక్కలు లేకపోతే 1992 నుంచి ఉపగ్రహాలు తీసిన రాత్రి వెలుగుల చిత్రాలున్నాయి, వెలుగు పెరిగితే ఊరు ఎదిగిందని అంచనా వేయొచ్చు. కరెంటు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లు మాత్రం వాటిలో కనిపించకుండా పోతాయి. అక్కడ మళ్లీ ఇంటింటికీ వెళ్లాల్సిందే.